పాత బొమ్మల పత్రికలు కొనేవాళ్ళకి: చందమామ, దీపావళి సంచికలు, సీరియల్ బైండ్లు, భారతి... ముందు ఏది?

పాత పత్రికలు పోగేద్దాం అనుకునేవాళ్ళు చాలామంది ముందు చందమామ పూర్తి సెట్ మీద పడతారు. 1947 జులై నుంచి ఒక్క నెల కూడా పోకుండా అన్నీ కావాలంటారు, కొన్నాళ్ళు తిరిగేసరికి డబ్బులూ అయిపోయి ఓపికా అయిపోయి, దొరకని ఆ నాలుగు సంచికల గురించే బాధపడుతూ ఇంట్లో ఉన్నవి తెరిచి చూడ్డం కూడా మానేస్తారు. ఇది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటది. బొమ్మల మీద ఇష్టంతో మొదలెట్టిన పని కదండీ ఇది. అందుకే బెజవాడలో గానీ గుంటూర్లో గానీ ఉండి కొత్తగా మొదలెట్టేవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: పత్రిక పేరు పట్టుకోవద్దు, బొమ్మ గీసినాయన్ని పట్టుకోండి. వపా, అంటే వడ్డాది పాపయ్య గారంటే ఇష్టమా, వపా ఎక్కడెక్కడ గీశాడో అక్కడికల్లా వెళ్ళండి. బాపు అంటే ఇష్టమా, అట్లాగే. అప్పుడు ఏ పత్రిక ముందు కొనాలి, దేనికి ఎంత పెట్టొచ్చు అనేది దానంతటదే తేలిపోద్ది.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. మీకు బొమ్మ కావాలా, సంచిక కావాలా? బొమ్మ చాలు అనుకునేవాళ్ళకి అట్ట లేకపోయినా, సీరియల్ పేజీలు చింపి బైండ్ చేసినా, ఆఖరికి వేరే భాష ఎడిషన్ అయినా నడిచిపోద్ది. సంచికే కావాలనుకునేవాళ్ళకి ముందట్టా వెనకట్టా ఉండాలి, లోపల సబ్బుల ప్రకటనలూ జుట్టు నూనెల ప్రకటనలూ ఉండాలి, పిన్నులు కూడా అప్పటివే ఉండాలి. రెండూ మంచి కోరికలే, కాకపోతే మొదటి రకం వాళ్ళకి చాలా తక్కువలో పనైపోద్ది, రెండో రకం వాళ్ళు ఆగి ఆగి చూసుకుని కొనాలి. ఈ రెండూ కలిపేసుకుంటే మాత్రం బొమ్మ కోసం వెళ్ళి సంచిక రేటు పెట్టి వచ్చేస్తారు, లేకపోతే సంచిక అనుకుని అట్ట లేనిది తెచ్చుకుంటారు.

సరే, చందమామ సంగతి ముందే చెప్పేస్తా, ఎటూ అందరూ అడిగేది అదే కాబట్టి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో తెలుగు తమిళాల్లో మొదలెట్టారు, తర్వాత చాలా భాషల్లోకి వెళ్ళింది. బొమ్మల వైపు నుంచి చూస్తే నలుగురు పెద్దవాళ్ళు: చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, వపా అని సంతకం పెట్టే వడ్డాది పాపయ్య. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, అంటే తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటివి ఇష్టమైతే మీ మనిషి చిత్రా. ఆ రాక్షసులు, ఆ కోటలు, ఆ విచిత్రమైన జంతువులు ఆయన చేతి నుంచి వచ్చినవే. భుజాన శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుడు కావాలంటే శంకర్. భారతం బొమ్మలంటే ఆచార్య పేరు చెప్తారు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా సంపాదకత్వం చూశారు కదా, నన్నడిగితే డబ్బులు పెట్టాల్సింది ఆ కాలం సంచికల మీదే. 1998లో ఆగి 1999లో మళ్ళీ మొదలైన తర్వాతవి చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ పాత బొమ్మల కోసం వెతికేవాళ్ళు వాటికి పాత రేటు పెట్టకూడదు, ఎవరైనా రెండూ కలిపి ఒకే కట్టగా అమ్ముతుంటే విడదీసి ఇమ్మని అడగండి.

చందమామలో ఒక సౌకర్యం ఉంది, కొత్తవాళ్ళు దీన్ని పట్టించుకోరు. అన్ని భాషల ఎడిషన్లలోనూ బొమ్మలు అవే. తమిళ అంబులిమామ గానీ హిందీ చందమామ గానీ తెలుగువాళ్ళు అడగరు కాబట్టి మన దగ్గర షాపుల్లో పక్కన పడి ఉంటాయి. చిత్రా బొమ్మలు మాత్రమే కావాలి అనుకునేవాళ్ళు అవి తీసుకోవచ్చు, తెలుగు కాపీ కంటే తక్కువలో వస్తాయి, పెద్దగా నలగకుండా కూడా దొరుకుతాయి ఒక్కోసారి. కథ తెలుగులో చదవాలంటే స్కాన్ ఉండనే ఉంది.

విడి సంచికలా, ఏడాది బైండా? చందమామ వరకూ నా ఓటు విడి సంచికలకే. బైండింగ్ చేసేటప్పుడు అంచులు సమంగా రావాలని మూడు వైపులా కటింగ్ చేస్తారు, అక్కడ బొమ్మ అంచులు పోతాయి, అట్ట మీద నెల పేరు సగం పోద్ది. పైగా చాలామంది బైండ్ చేయించేటప్పుడు అట్టలు తీసేయించేవాళ్ళు. అట్టలు ఉంచి, కటింగ్ తక్కువగా చేసిన ఏడాది బైండ్ దొరికితే మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, ఎందుకంటే బైండ్‌లో ఉన్న కాగితానికి వెలుతురు తగల్లేదు, రంగులు విడి సంచికల కంటే బాగా నిలబడి ఉంటాయి.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన దానికి వస్తా. యువ, జ్యోతి మాసపత్రికల దీపావళి సంచికలు. మన తెనాలి చక్రపాణి గారిదే యువ కూడా. మామూలు నెలల సంచికల కంటే దీపావళి సంచిక లావుగా ఉండేది, రంగుల బొమ్మలు ఎక్కువ, పేరున్న ఆర్టిస్టులందరితోనూ గీయించేవాళ్ళు. వపా బొమ్మలు పెద్ద సైజులో, మంచి రంగుల్లో చూడాలంటే ఇవే దారి. చందమామలో ఆయన కథకి తగ్గట్టు గీశాడు, ఇక్కడ మాత్రం బొమ్మే కథ. ముగ్గేసే అమ్మాయి, సంక్రాంతి, గోదాదేవి, రాగాలు, ఋతువులు, ఆ చీర మడతల్లో నీటి రంగు ఒకదాన్లో ఒకటి కలిసిపోయిన తీరు చూస్తే ఎంతసేపైనా చూస్తూ ఉండిపోవచ్చు. ఆయన శ్రీకాకుళంలో 1921లో పుట్టి కశింకోటలో ఉండిపోయాడు, మద్రాసు వెళ్ళి స్టూడియో పెట్టుకున్న మనిషి కాదు, అక్కడి నుంచే గీసి పంపిస్తుంటే ఇక్కడ బెజవాడ గుంటూరు ఇళ్ళల్లో ఆ పేజీలు చింపి ఫ్రేములు కట్టించుకునేవాళ్ళు. అదే ఇప్పుడు మనకొచ్చిన చిక్కు. దీపావళి సంచిక కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది రంగుల పేజీలు ఉన్నాయా లేవా అని. విషయసూచికలో ముఖచిత్రం ఎవరు, లోపలి రంగుల బొమ్మలు ఎవరివి అని వేసి ఉంటే దాంతో సరిచూసుకోండి, లేకపోతే మధ్యలో పిన్ను దగ్గర చింపిన కాగితం అంచు కనిపిస్తదేమో వేలితో తడిమి చూడండి. రంగు పేజీ పోయిన దీపావళి సంచికకి మామూలు నెల సంచిక రేటు కంటే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకండి, అమ్మేవాళ్ళు ఎంత చెప్పినా సరే.

చందమామకీ దీపావళి సంచికకీ మధ్య ఒకటే కొనగలిగితే ఏది అంటే నేను దీపావళి సంచికే అంటా. ఒకే సంచికలో వపా, బాపు, ఇంకా మిగతావాళ్ళ గీత పక్కపక్కనే చూడొచ్చు, మీకు ఎవరి చెయ్యి నచ్చిందో అక్కడే తెలిసిపోద్ది. ఆ తర్వాత ఆయన వెంట పడొచ్చు.

సీరియల్ బైండ్లు. వీటిని పోగేసేవాళ్ళు చిన్నచూపు చూస్తారు, నాకు అందుకే కోపం. మన ఊళ్ళల్లో వారపత్రికలు వచ్చిన రోజుల్లో, ఆంధ్రపత్రిక వీక్లీ, ఆంధ్రప్రభ వీక్లీ, ఆంధ్రజ్యోతి వీక్లీ, తర్వాత స్వాతి, ప్రతి వారం సీరియల్ పేజీలు జాగ్రత్తగా తీసి దాచి, సీరియల్ అయిపోగానే బైండ్ చేయించేవాళ్ళు ఆడవాళ్ళు. పైన అట్ట, వీపుకి ఎర్రదో నల్లదో కాలికో గుడ్డ, దాని మీద సీరియల్ పేరు చేత్తో రాసి ఉంటది, లోపల మొదటి పేజీలో బాపు చేత్తో రాసిన టైటిల్ అక్షరాలు, కింద మొదటి బొమ్మ. అద్దె పుస్తకాల షాపుల వాళ్ళూ ఇలాగే చేసి రోజు అద్దెకి తిప్పేవాళ్ళు, వాటికి షాపు ముద్ర ఉంటది, పేజీ మూలలు నూనె చేతులకి నల్లబడి ఉంటాయి. సంచిక కావాలనేవాళ్ళకి ఇవి చెత్తే, నిజమే, అట్టలేదు తేదీ లేదు, ఒక్కోసారి ఏ పత్రికో కూడా తెలీదు. కానీ బొమ్మల కోసమైతే ఇంతకంటే మంచి బేరం లేదు. ఒక సీరియల్‌కి వారానికో బొమ్మ చొప్పున ఏడాదంతా ఒకే ఆర్టిస్టు అవే పాత్రల్ని గీసుకుంటూ పోతాడు. మొదటి వారం హీరోయిన్ ముక్కు ఒకలా ఉంటది, పదో వారానికి ఆయనకి ఆ పిల్ల పూర్తిగా తెలిసిపోయినట్టు రెండు గీతల్లో తేల్చేస్తాడు. విడి సంచికల్లో దీన్ని చూడాలంటే ఒక్కటి కూడా పోకుండా అన్ని వారాలూ పోగేయాలి, జరిగే పనేనా?

బైండ్ కొనేటప్పుడు చూడాల్సింది రెండు. కుట్టు పక్క నుంచి గట్టిగా లాగి కుట్టేస్తే లోపలి మార్జిన్ మొత్తం మింగేస్తది, రెండు పేజీల మీద పరిచి గీసిన బొమ్మలో మధ్య భాగం పోద్ది, పుస్తకం మధ్యలో తెరిచి అక్కడ ఎవరి మొహమైనా సగం ఉందేమో చూడండి. రెండోది, కింద అంచు. ఆర్టిస్టు సంతకం కింద మూలన ఉంటది కదా, కటింగ్‌లో అదే ముందు పోద్ది. సంతకం లేకపోయినా గీత చూసి బాపు, చంద్ర, బాలి అని చెప్పగలిగేవాళ్ళు ఉన్నారు గానీ కొత్తలో మనకి కష్టం, కాబట్టి సంతకాలు ఉన్న బైండ్ తీసుకుని దాన్ని చూసి గీత గుర్తుపట్టడం నేర్చుకోండి.

బెజవాడ వాళ్ళకి ఇంకో అనుకూలం ఏంటంటే ఆంధ్రజ్యోతి దినపత్రిక 1960లో మొదలైంది ఇక్కడే, స్వాతి మాసపత్రిక 1970లో, వీక్లీ 1984లో మొదలైంది ఇక్కడే. పిల్లల బాలజ్యోతి, ఆడవాళ్ళ వనితాజ్యోతి కూడా ఆంధ్రజ్యోతి వాళ్ళవే. అందుకని డెబ్భైలు ఎనభైల కాలం వారపత్రికలు ఇక్కడ పాత ఇళ్ళల్లో ఇంకా కట్టలుగా ఉన్నాయి. హైదరాబాదో చెన్నైయో వెళ్ళి వెతకాల్సిన పని లేదు. మద్రాసులో అచ్చయిన పాత కాలం వాటికి మాత్రం అందరూ పోటీకొస్తారు.

భారతి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు వేరే లోకం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికని 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టారు, భారతి అనే సాహిత్య మాసపత్రికని 1924 జనవరిలో మద్రాసు నుంచి మొదలెట్టారు, అది 1991 దాకా నడిచింది. పాత సంచికల్లో త్రివర్ణ చిత్రం అని ఒక రంగుల బొమ్మ ఉంటది, విడిగా నున్నటి కాగితం మీద అచ్చేసి, దాన్ని మందపాటి కాగితం మీద పై అంచు దగ్గర మాత్రం జిగురుతో అంటించినవి కూడా కనిపిస్తాయి, కింద భాగం వదులుగా లేస్తది. ఆ బొమ్మ కోసమే వీటిని కొంటారు, ఆ బొమ్మే లేకుండా వస్తాయి చాలాసార్లు. తలిశెట్టి రామారావు గారి కార్టూన్లు కూడా భారతిలో వచ్చాయి, తెలుగు కార్టూన్‌కి ఆద్యుడంటారు ఆయన్ని. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ళకి వీటిని మించినవి లేవు. కానీ కొత్తవాళ్ళకి నేను వద్దంటా. కాగితం అప్పడంలా విరిగిపోద్ది, తెరిచిన ప్రతిసారీ ఒళ్ళో పొడి రాలద్ది, రేటు అన్నిటికంటే ఎక్కువ, పైగా చాలావరకు సాహిత్యం, వ్యాసాలు, బొమ్మలు తక్కువ. ముందు చూడండి, తర్వాత కొందురు గాని. ప్రెస్ అకాడమీ వాళ్ళు భారతి, ఆంధ్రపత్రిక స్కాన్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. కాగితం మీదే చూడాలంటే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, కొంచెం దూరమైనా పర్లేదంటే 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికలకి దాని పేరు పెద్దది. వెళ్ళేముందు ఫోన్ చేసి పాత సంచికలు చూడనిస్తారో లేదో అడిగి వెళ్ళడం మంచిది.

సోవియట్ భూమి గురించి రెండు ముక్కలు. సోవియట్ దేశం వాళ్ళు తెలుగులో వేసిన ఇది గీసిన బొమ్మల కంటే ఫోటోల పత్రిక, నున్నటి కాగితం, స్కూలు పుస్తకాలకి అట్టలేసుకోవడానికే సగం మంది కొనేవాళ్ళు కాబట్టి పూర్తి సంచికలు అనుకున్నంత దొరకవు. దొరికితే మాత్రం చవకే, రంగులు ఇప్పటికీ నిన్న అచ్చేసినట్టుంటాయి. ఇంగ్లీషులో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా, 1993లో ఆగిపోయింది, మారియో మిరాండా బొమ్మల కోసం కొనొచ్చు, కాకపోతే సైజు పెద్దది, మామూలు బీరువా అరలో పడుకోదు, మడత పెడితే మధ్యలో చిరుగుతది. చోటుంటేనే వాటి జోలికి వెళ్ళండి.

ఇక ఎక్కడ కొనాలి. బెజవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఎక్కువ భాగం పోటీ పరీక్షల పుస్తకాలూ ఇంజనీరింగ్ పుస్తకాలే, పత్రికలు బయట కనిపించవు, అడగాలి. అడిగేటప్పుడు పాత పత్రికలున్నాయా అంటే లేవంటారు, డెబ్భైల నాటి యువ ఉందా, వపా అట్టలున్నాయా అని పేరు పెట్టి అడిగితే లోపల్నుంచి కట్ట తీస్తారు. వాళ్ళకి విలువ తెలుసు, బేరం కొంచెమే దిగుద్ది, కానీ పేజీ పేజీ తిప్పి చూసి కొనుక్కోవచ్చు, అదే పెద్ద లాభం.

పాత పేపర్ల కొట్టువాళ్ళ దగ్గర కిలో లెక్కన వస్తది, దానికంటే చవక ఎక్కడా లేదు. కానీ మనం వెళ్ళిన రోజు మన సరుకు ఉండదు. చేయాల్సిందేంటంటే మీ పేటలో కొట్టతన్ని మంచి చేసుకుని, పుస్తకాల కట్టలొస్తే గోడౌనుకి పంపకముందు ఫోన్ చెయ్యి అన్నా, కిలో రేటు కంటే ఎక్కువే ఇస్తా అని చెప్పి, మాట ప్రకారం ఇవ్వాలి. నచ్చనివి ఉన్నా మొదటి రెండు సార్లు ఏదో ఒకటి కొనండి, లేకపోతే మూడోసారి ఫోన్ రాదు. గుంటూర్లో బ్రాడీపేట, అరండల్‌పేట పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు ఇట్లాంటి కట్టలు బయటికొస్తాయి, లాయర్ల ఇళ్ళు, లెక్చరర్ల ఇళ్ళు ముఖ్యంగా.

ఇళ్ళల్లో నేరుగా కొనేటప్పుడు ఒక మర్యాద ఉంది. పెద్దావిడ ముప్ఫై ఏళ్ళు దాచుకున్న బైండ్లు కొడుకు అమ్మేస్తుంటే ఆవిడ కళ్ళ ముందే పేజీలు ఎగరేస్తూ ఇది చిరిగింది అది మురికి అని బేరం చేయకండి. అమ్మా మీరు దాచబట్టే ఇవి మిగిలాయి అని ఒక్క మాట అంటే పోయేదేం లేదు, నిజం కూడా అదే. ఆవిడ ఏ సీరియల్ ఎప్పుడొచ్చిందో, ఏ పత్రికలో వచ్చిందో నోటికి చెప్పేస్తది చాలాసార్లు, అది రాసుకుని బైండ్ లోపల చీటీ పెట్టుకోండి, అట్టా తేదీ లేని బైండ్‌కి అంతకంటే సాక్ష్యం దొరకదు.

ఆన్‌లైన్లో అయితే చూడకుండా కొనడమే కాబట్టి ముందట్ట, వెనకట్ట, విషయసూచిక, మధ్య పిన్నుల దగ్గర తెరిచిన పేజీ, ఈ నాలుగు ఫోటోలు పంపమని అడగండి. పంపనివాళ్ళ దగ్గర కొనకండి. పాత అట్ట స్కాన్ చేసి కలర్ ప్రింట్ తీసి తగిలించినవి కూడా తిరుగుతున్నాయి. చేతికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోద్ది: అప్పటి ప్రెస్సు అచ్చులో రంగంతా చిన్న చిన్న చుక్కలు, వరసలో, ఒక పద్ధతిగా ఉంటాయి, ఇంట్లో ప్రింటర్ మీద తీసిందైతే చుక్కలు చల్లినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి, అక్షరాల అంచుల్లో కూడా రంగు చిమ్మి ఉంటది. నలుపు గీతల బొమ్మలైతే పేజీ వెనక వేలితో రాసి చూడండి, బ్లాకులతో అచ్చేసిన పాత వాటికి కొద్దిగా నొక్కు తగులుతది. లైబ్రరీ ముద్ర ఉండి, తీసేసినట్టు వేరే ముద్ర లేకపోతే ఎక్కడిదని అడగండి, సరైన సమాధానం లేకపోతే వదిలేయండి. దొంగ సరుకు కొంటే ఆ లైబ్రరీలో మిగిలినవి కూడా ఇట్లాగే పోతాయి.

దాచడం గురించి చెప్పకపోతే కొనమని చెప్పడం పాపం. న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసిన కాగితం, దానంతటదే పులిసి పసుపు రంగుకి తిరిగి పెళుసుబారిపోద్ది, ఎండా వేడీ తగిలితే ఇంకా తొందరగా. మన ఎండలకి అటక మీద పెట్టడం అంత దరిద్రం ఇంకోటి లేదు, అందరూ పెట్టేది అక్కడే. కింది గదిలో, గోడకి ఆనకుండా, బీరువాలో మధ్య అరల్లో పెట్టండి. అడుగు అర ఖాళీగా వదిలేయండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లో నీళ్ళు రోజుల తరబడి ఉన్నాయి కదా, అప్పుడు కింద ఉన్న పుస్తకం ఏదీ మిగల్లేదు ఎవరికీ. ఇక్కడ కూడా ఒక తేడా ఉంది. మామూలు న్యూస్‌ప్రింట్ తడిస్తే మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాన్ గాలికి ఓపిగ్గా ఆరబెడితే కొంతైనా దక్కుతది, సోవియట్ భూమి లాంటి నున్నటి కాగితం, దీపావళి సంచికల రంగు పేజీలు తడిసి ఆరితే ఒకదానికొకటి అతుక్కుని దిమ్మైపోతాయి, మళ్ళీ విడదీయలేం. అందుకని పై అరలు వాటికి ఇవ్వండి.

కలరా ఉండలు వేస్తే గుడ్డలో కట్టి మూలన పెట్టండి, కాగితానికి తగలకూడదు. పచ్చి వేపాకు పేజీల మధ్య పెడితే మరక పడుద్ది. సెల్లోటేప్ ముట్టుకోవద్దు, కొన్నేళ్ళకి జిగురు కాగితంలోకి దిగి గోధుమ రంగు పట్టీలా మిగిలిపోద్ది. లామినేషన్ అసలు మాటే ఎత్తొద్దు, ఇంక అది కాగితం కాదు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా లేపి తీసేసి తెల్ల నూలు దారంతో కుట్టుకోవచ్చు. బైండ్ మళ్ళీ చేయించాలంటే బైండింగ్ అతనికి కటింగ్ వద్దు అని రెండు సార్లు చెప్పండి, అట్ట మీద కాగితం అంటించి రాసి కూడా ఇవ్వండి, ఎందుకంటే షాపులో పని తీసుకునేది ఒకరు, మిషన్ మీద పెట్టేది ఇంకొకరు. మైదా జిగురుకి పురుగు పడుద్ది కాబట్టి మైలుతుత్తం కలిపే పాత పద్ధతి తెలిసిన అతను దొరికితే వదులుకోకండి.

స్కాన్లు ఉండగా ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళకి నా సమాధానం, స్కాన్లు కావాలి, ముందు అవే చూడండి. ఏ సంచికలో ఏ బొమ్మ ఉందో స్కాన్లో చూసి రాసుకుంటే షాపులో నిలబడి ఆలోచించే పని ఉండదు. కథలు చదవడానికి స్కానే మేలు, కాగితం నలగదు. కానీ వపా నీటి రంగుల బొమ్మ ఫోన్లో చూడ్డం, దీపావళి సంచికలో పేజీ నిండా చూడ్డం ఒకటి కాదు, స్కాన్లలో చాలావాటికి రంగు తిరిగిపోయి ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటది.

మొత్తం మీద ఎవరికేది అంటే, చిన్నప్పటి చందమామ జ్ఞాపకాల కోసం వచ్చేవాళ్ళు తాము చదివిన ఆ రెండు మూడేళ్ళ సంచికలు మాత్రం విడిగా కొనుక్కోండి, సెట్ జోలికి వెళ్ళకండి. బొమ్మలు నేర్చుకునే పిల్లలుంటే సీరియల్ బైండ్లు, ఇంకో ఆలోచనే వద్దు, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్నుతో అనుసరించి చూసుకోవచ్చు. గోడకి కట్టుకునే రంగుల బొమ్మ కావాలనుకునేవాళ్ళు దయచేసి మంచి దీపావళి సంచిక చింపకండి, ఎటూ అట్ట ఊడిపోయిన సంచికలు, పేజీలు పోయిన సంచికలు వేరే ఉంటాయి, వాటిలోంచి తీసుకోండి, లేదా మంచి స్కాన్ ప్రింట్ తీయించుకోండి. చరిత్ర కావాలనుకునేవాళ్ళు కొన్నాళ్ళు గ్రంథాలయాల్లో భారతి చూసి, ఏ సంచికలు కావాలో తెలిశాకే చెయ్యి వేయండి. ఎవరికైనా తక్కువ డబ్బుతో మొదలెట్టాలంటే రంగు పేజీలన్నీ ఉన్న దీపావళి సంచిక ఒకటి, సంతకాలున్న సీరియల్ బైండ్ ఒకటి, అంతే, ఆర్నెల్లకి అవి చాలు.

ఏటా జనవరి మొదట్లో బెజవాడలో పుస్తక మహోత్సవం జరుగుద్ది కదా, పాత పుస్తకాల స్టాళ్ళ వాళ్ళు వేరే ఊళ్ళ నుంచి కూడా వస్తారు. ఆఖరి రోజు తగ్గిస్తారని ఆగకండి, మంచి పత్రికలు మొదటి రెండ్రోజుల్లోనే పోతాయి, మధ్యాహ్నం జనం లేనప్పుడు వెళ్తే కింద అట్టపెట్టెలు కూడా తీసి చూపిస్తారు. మీ దగ్గర రెండేసి ఉన్న సంచికల జాబితా ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి, అక్కడ తిరిగే పోగేసేవాళ్ళతో మార్చుకోవచ్చు, డబ్బులు పెట్టి కొనేదానికంటే అట్లా వచ్చేవే ఎక్కువ ఉంటాయి.